ఒక పూట నిర్బంధానికి జీవితకాలపు శిక్షా?

పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా 2019 డిసెంబరు నుంచి మన ఆడబిడ్డలు జాతీయ జెండా చేతబట్టి వీధులలోకి వచ్చిన నాడు, వక్ఫ్ సవరణ చట్టానికి వ్యతిరేకంగా 2025లో మన పట్టణాలలో నిరసనలు సాగిన నాడు, మన ఇళ్ళలో ఒకే మాట వినిపించింది: "బేటీ, ధర్నాకు పోతే నర్సింగ్ పోతుంది." ఈ మాట అనే తల్లికి ధైర్యం లేదని మేము అనము. బిడ్డ ఫీజు కోసం చేతి గాజులు కుదువబెట్టిన తల్లికి ఆ సీటు విలువ అందరికంటే బాగా తెలుసు. అయితే ఈ మాట ఆమె నోట పుట్టినది కాదు. పోలీసు స్టేషన్‌లో పుట్టి, కళాశాల కార్యాలయం మీదుగా, బంధువుల నోటి మీదుగా ఆమె వంటింటికి చేరినది. లాఠీ దెబ్బ ఒక్క వీపు మీదే పడుతుంది. ఈ మాట ఒక్కసారి పడితే బస్తీలోని ఆడపిల్లలందరూ ఇంట్లో కూర్చుంటారు.

అందుచేత ఇందులో నిజమెంత, బెదిరింపు ఎంత అన్నది తేల్చుకోవలసిన బాధ్యత మన మీద ఉంది. మా వాదన ఇది: శాంతియుత నిరసనలో జరిగిన అరెస్టు తనంతట తానుగా ఈ దేశంలో ఏ అమ్మాయికీ నర్సు వృత్తి తలుపు మూయదు. మూసేవి మూడు వేరే ఉన్నాయి. ముగింపు లేకుండా ఏళ్ళ తరబడి వేలాడదీసిన కేసు మొదటిది. భయంతో ఫారంలో దాచిన నిజం రెండవది. ఆడపిల్లలను ముందు వరుసలో నిలిపి, కేసు నమోదు కాగానే కనుమరుగయ్యే నాయకత్వం మూడవది. మొదటిదానికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. మూడవదానికి మన సముదాయం జవాబు చెప్పాలి. రెండవది ఈ రెండింటి మధ్య ఒంటరిగా నిలబడిన అమ్మాయి చేసే పొరపాటు. నేడు శిక్ష మాత్రం ఆమె ఒక్కతికే పడుతున్నది.

ఈ సీటు ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట ఈ అమ్మాయి ఎవరో గుర్తు చేసుకుందాం. తండ్రి ఆటో నడుపుతాడు, లేదా మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది, లేదా బట్టలు కుడుతుంది. మూడేళ్ళ జీఎన్ఎం గానీ, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తయితే ఆ ఇంట్లో మొట్టమొదటి నెల జీతం ఆమె చేతికి వస్తుంది. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చింది. గల్ఫ్ దేశాలు, జర్మనీ, బ్రిటన్ మన నర్సుల కోసం ఎదురు చూస్తున్నాయి. మన ఇళ్ళలోని ఆడపిల్లకు గౌరవంతో, సొంత కాళ్ళ మీద నిలబడే దారులలో నర్సింగ్ ఒకటి. ఆ దారికి ముప్పు ఉందంటే గుండె జారడం సహజమే.

అయితే ఆ సీటు ఎలా దొరికిందో మనం మరచిపోరాదు. బీసీ-ఈ కింద ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. హైకోర్టు కొట్టివేస్తే 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. అది ఎవరో దయ తలచి విదిల్చిన ఖైరాత్ కాదు. ఎన్నో ఏళ్ళ సభలు, ఊరేగింపులు, వినతిపత్రాలు, ధర్నాలు దాని వెనుక ఉన్నాయి. ధర్నా చేస్తే సీటు పోతుందని బెదిరించేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ధర్నాలు లేకుంటే ఈ సీటే లేదు.

నర్సుల వృత్తి కూడా నిరసనను ఎరగనిది కాదు. కోవిడ్ కాలంలో పనిచేయించుకొని, 2021 జూలైలో ఇక అక్కరలేదని తొలగించినప్పుడు హైదరాబాద్‌లో నర్సులు రోడ్డు మీదికి వచ్చారు. పోలీసులు వారిని వ్యాన్లలో ఎక్కించి తీసుకుపోయారు. ప్రాణాలకు తెగించి రోగులకు సేవ చేసిన ఆ చేతులు ఒక్కపూట పోలీసు వ్యానెక్కినందుకు సేవకు పనికిరానివై పోయాయా? జీతం కోసం నినాదం ఇచ్చిన నర్సు నర్సుగానే ఉండగా, పౌరసత్వం కోసం నినాదం ఇచ్చిన నర్సింగ్ విద్యార్థిని మాత్రం అనుమానితురాలు ఎలా అవుతుంది?

అరెస్టు అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

మన ఇళ్ళలో 'అరెస్టు' అన్నది ఒకే మాట. చట్టంలో అది ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోవడమే సగం భయానికి మూలం.

మొదటిది ముందస్తు అరెస్టు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 170వ సెక్షన్. పాత చట్టంలో 151. నేరం జరుగకుండా ఆపడానికని పోలీసులు అదుపులోకి తీసుకుంటారు. ఇతర చట్టమేదీ అడ్డం రాకపోతే 24 గంటలకు మించి ఉంచరాదు. ధర్నా స్థలం నుంచి వ్యానులో ఎక్కించి, ఏదో ఫంక్షన్ హాలులోనో స్టేషన్‌లోనో కూర్చోబెట్టి, సాయంత్రం పేర్లు రాసుకొని పంపేది చాలావరకు ఇదే. ఇక్కడ నేరం లేదు, కోర్టు లేదు, శిక్ష లేదు.

రెండవది చిన్న కేసు. అనుమతి లేని సభ, ఉత్తర్వు ఉల్లంఘన, దారికి అడ్డంకి వంటివి. మన జిల్లాలలో 'పోలీసు యాక్ట్ 30 అమలులో ఉంది' అనే ప్రకటన పత్రికలలో తరచూ చూస్తూనే ఉంటాం. అది 1861 నాటి చట్టం. దానిని ఉల్లంఘించినందుకు ఆ చట్టమే నిర్ణయించిన గరిష్ఠ శిక్ష 200 రూపాయల జరిమానా. భారతీయ న్యాయ సంహితలో అధికారి ఉత్తర్వును ధిక్కరించినందుకు ఉన్న 223వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల వరకు, ప్రమాదకర పరిస్థితి కల్పిస్తే ఏడాది వరకు. ఈ సెక్షన్ కింద పోలీసులు నేరుగా వేసే ఛార్జిషీటును కోర్టు స్వీకరించరాదు. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరొక అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 215వ సెక్షన్ చెబుతున్నది. ఈ ఒక్క లోపంతోనే హైకోర్టులు కొట్టివేసిన కేసులు అనేకం.

మూడవది బరువైన కేసు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై బలప్రయోగం, అల్లరి, వర్గాల మధ్య వైషమ్యం పెంచడం, ఇంకా పైన ఉపా. చట్టవిరుద్ధ సమూహం అనే సూత్రం కింద ఎవరో విసిరిన రాయి అక్కడున్న వారందరి తల మీద పడే అవకాశం ఉంది. జామియా మిల్లియా పరిశోధక విద్యార్థిని సఫూరా జర్గర్‌ను 2020 ఏప్రిల్‌లో గర్భవతిగా ఉండగానే ఉపా కింద జైలులో పెట్టారు. జూన్‌లో గానీ బెయిలు రాలేదు. ఇలాంటిది జరగదని మేము ఎవరికీ మాట ఇవ్వము. ప్రమాదాన్ని దాచడం కూడా మోసమే. కానీ ఈ మూడవదానిని చూపించి మొదటిదాని దగ్గరే అమ్మాయిలను ఇంట్లో కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద మోసం.

నర్సుకు ఎక్కడ అడ్డు తగులుతుంది?

అడ్డంకి తగిలే చోట్లను వరుసగా చూద్దాం. మొదటి చోటు కళాశాల. నర్సింగ్ విద్యార్థినికి పరీక్ష రాయాలంటే తరగతులలోనూ ప్రాక్టికల్‌లోనూ 80 శాతం హాజరు కావాలి. పట్టా చేతికి రావాలంటే ఆసుపత్రి వార్డులలో చేయవలసిన గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. ఒక పూట నిర్బంధంతో ఇది చెడదు. పదిహేను రోజుల రిమాండుతో చెడుతుంది. ఆ గంటలను తరువాత పూరించుకునే అవకాశం కళాశాల ఇవ్వాలి. ప్రవర్తన ధ్రువపత్రంలో ఒక్క వంకర వాక్యం రాయకుండా ఉండాలి. నిజానికి కోర్టు కంటే ముందే చాలామంది అమ్మాయిలకు తీర్పు చెప్పేది ప్రిన్సిపాల్ గది.

రెండవ చోటు నర్సింగ్ మండలి రిజిస్ట్రేషన్. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టంలో అరెస్టును అనర్హతగా చెప్పిన సెక్షన్ ఏదీ లేదు. గుర్తింపు పొందిన కళాశాలలో చదివి, పరీక్ష నెగ్గిన పట్టా దానికి ఆధారం. ఎవరో ఒక గుమాస్తా 'నీ మీద కేసు ఉందట కదా' అని ఫైలు పక్కన పెడితే, ఏ నిబంధన కింద పక్కన పెట్టారో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. ఆ ప్రశ్నతోనే కదిలే ఫైళ్ళు ఎన్నో ఉన్నాయి.

మూడవ చోటు ప్రభుత్వ ఉద్యోగం. ఎంపికైన తరువాత నింపే అటెస్టేషన్ ఫారంలో శిక్ష పడిందా అని మాత్రమే అడగరు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, పూచీకత్తు రాయించుకున్నారా, కేసు పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతారు. ఇక్కడే మన బిడ్డలు చిక్కుకుంటున్నారు. ఎవరో పెద్దమనిషి 'లేదు అని రాసేయమ్మా, ఎవరికి తెలుస్తుంది' అంటాడు. పోలీసు విచారణలో అది బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగం పోయేది ధర్నా వల్ల కాదు, దాచినందువల్ల.

ఈ విషయంలో 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మన ప్రతి ఇంటికీ తెలియాలి. అభ్యర్థి చెప్పే సమాచారం నిజమై ఉండాలని ఆ తీర్పు కచ్చితంగా చెప్పింది. అదే తీర్పు అల్పమైన నేరాలకు ఉదాహరణగా చిన్న వయసులో నినాదాలు ఇవ్వడాన్ని పేర్కొన్నది. అలాంటి దానిలో శిక్ష పడినా, దానిని దాచినా కూడా, అది ఆ ఉద్యోగానికి అనర్హతగా మారే విషయం కానప్పుడు యజమాని తన విచక్షణతో క్షమించవచ్చునన్నది. దాచిన వారినే క్షమించవచ్చునన్న చోట, నిజం చెప్పిన అమ్మాయిని తిరస్కరించడానికి ఏ అధికారికి నోరు రావాలి? కనుక మన అమ్మాయిలు నిజమే రాయాలి. ఫలానా తేదీన, ఫలానా స్టేషన్‌లో, ఫలానా నిరసనలో అదుపులోకి తీసుకొని అదే రోజు విడిచిపెట్టారు, కేసు లేదు అని రాయాలి. కేసు ఉండి కొట్టివేస్తే ఆ ఉత్తర్వు ప్రతిని జతచేయాలి. నినాదం ఇచ్చినందుకు సిగ్గుపడవలసిన పని లేదు. అబద్ధం రాయవలసిన పని అంతకంటే లేదు.

పదిహేడేళ్ళకే జీఎన్ఎంలోనూ బీఎస్సీలోనూ చేరే బిడ్డలున్నారు. పద్దెనిమిది నిండకముందు జరిగినదానిని వారి జీవితానికి అనర్హతగా మార్చరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ చెబుతున్నది. అత్యంత తీవ్రమైన నేరాల విషయంలో, అదీ పదహారేళ్ళు దాటినవారికి మాత్రమే ఇందులో మినహాయింపు. ఈ రక్షణను అడిగి తీసుకునేవారు మనలో ఎంతమంది?

నాలుగవ చోటు పాస్‌పోర్టు, విదేశీ ఉద్యోగం. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఎఫ్ఐఆర్ నమోదైనంత మాత్రాన కోర్టులో కేసు పెండింగులో ఉన్నట్టు కాదని, కోర్టు దానిని విచారణకు స్వీకరించి ఉండాలని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. స్వీకరించినా దారి మూసుకుపోదు. 1993 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వాలి. గల్ఫ్ ఆసుపత్రులు అడిగే పోలీసు క్లియరెన్స్ పత్రం కూడా ఈ కొలిక్కిరాని కేసు దగ్గరే ఆగిపోతుంది. అమెరికా వీసా దరఖాస్తులో శిక్షను గురించే గాక అరెస్టును గురించి కూడా అడుగుతారు. అక్కడి నర్సింగ్ బోర్డులు రాష్ట్రానికొక తీరుగా ప్రశ్నిస్తాయి. ఎక్కడైనా సూత్రం ఒక్కటే: ముగిసిన కేసును కాగితంతో వివరించవచ్చు, ముగియని కేసును వివరించలేము.

ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న నర్సు 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టే సర్వీసు నిబంధనలు లెక్కిస్తాయి. వారికి ఈ లెక్క వేరు. వారిని విద్యార్థినులతో పాటు ఒకే వరుసలో నిలబెట్టే నాయకులు ఈ సంగతి ముందే చెప్పాలి.

తాడు ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు ప్రభుత్వాన్ని అడుగుదాం. రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. అదే అధికరణం నచ్చిన వృత్తి చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. ఒక హక్కును వాడుకున్నందుకు మరొక హక్కును పోగొట్టుకోవాలన్న షరతు ఆ అధికరణంలో ఎక్కడ ఉంది? నిషేధాజ్ఞలను న్యాయమైన అభిప్రాయ వ్యక్తీకరణను అణచడానికి వాడరాదని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అనుమతి అడిగితే ఇవ్వరు. ఇవ్వలేదు కనుక సభ చట్టవిరుద్ధం అంటారు. చట్టవిరుద్ధం కనుక కేసు అంటారు. ఇది శాంతిభద్రతల పరిరక్షణ కాదు, వల పన్నడం.

ఇంతకంటే దారుణం ఆ తరువాత జరిగేది. కేసు నడపరు, ముగించరు. ఆరు నెలల శిక్ష ఉన్న నేరానికి ఏడాదిలోగా, జరిమానా మాత్రమే ఉన్నదానికి ఆరు నెలలలోగా కోర్టుకు వెళ్ళకపోతే గడువు దాటినట్టేనని చట్టమే చెబుతుంటే, స్టేషన్ రిజిస్టరులో పేరు మాత్రం చెరగదు. ప్రతి పాస్‌పోర్టు విచారణలో, ప్రతి ఉద్యోగ విచారణలో ఆ పేరు తలెత్తుతుంది. 200 రూపాయల జరిమానాకు సరిపోయే ఆరోపణతో ఒక బిడ్డ ముప్పై ఏళ్ళ సంపాదనను గుప్పిట్లో పెట్టుకుంటారు. శిక్ష వేయడానికి సాక్ష్యం కావాలి. వేలాడదీయడానికి ఏమీ అక్కరలేదు. అందుకే వేలాడదీస్తారు.

నిరసన కేసులు ఎత్తివేయడం ఈ దేశంలో కొత్త కాదు. తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులపై పెట్టిన కేసులలో చాలావాటిని రాష్ట్రం ఏర్పడ్డాక ఎత్తివేశారు. అప్పుడు అందరూ అన్న మాట, 'పిల్లల భవిష్యత్తు పాడు కారాదు.' కాపు రిజర్వేషన్ల ఉద్యమంలో 2016 నాటి తుని ఘటన కేసులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపసంహరించుకున్నది. అక్కడ తగలబడింది రైలు. సాగు చట్టాలపై పోరాడిన రైతుల మీది కేసుల ఉపసంహరణకు 2021 డిసెంబరులో కేంద్రమే అంగీకరించింది. పౌరసత్వ నిరసనల కేసులలో హింసకు సంబంధించనివాటిని ఎత్తివేస్తామని 2021 ఫిబ్రవరిలో తమిళనాడు, కేరళ ప్రభుత్వాలు ప్రకటించాయి. ఆ ఉపసంహరణలను మేము తప్పు పట్టడం లేదు, స్వాగతిస్తున్నాం. మేము అడిగేది ఒక్కటే. ఉద్యమకారుల పిల్లలకు ఉన్న భవిష్యత్తు ముస్లిం పిల్లలకు లేదా? రైలు కాలిన చోట చూపిన ఔదార్యం, జెండా ఊపిన చోట చూపడానికి ఎందుకు చేయి రాదు?

మన నాయకులకు మా ప్రశ్న

ప్రభుత్వాన్ని నిలదీసే నోటితోనే మనవాళ్ళనూ నిలదీయాలి. లేకపోతే అది ఇన్సాఫ్ కాదు.

సభ పెట్టేటప్పుడు 'బురఖాలో ఉన్న అమ్మాయిలు ముందు కూర్చోవాలి, కెమెరాలకు బాగుంటుంది' అనే మాట మన నిర్వాహకుల నోట ఎన్నిసార్లు వినలేదు? ప్లకార్డు వారి చేతికి, మైకు మన చేతికి. పోలీసులు వచ్చినప్పుడు పెద్దలకు స్టేషన్‌లో కుర్చీ, చాయ్ దొరుకుతాయి. సాయంత్రానికి ఫోటోతో వార్త వస్తుంది. ఆరు నెలల తరువాత సమన్లు వచ్చే తలుపు మాత్రం ఆ అమ్మాయిది. కోర్టు వాయిదాకు వార్డు డ్యూటీ మానుకొని, తండ్రి ఆ రోజు కూలి మానుకొని, ఇద్దరూ బస్సెక్కి వెళతారు. వకీలు ఫీజు ఎవరిస్తారో తెలియదు. నాయకుని ఫోను మోగుతుంది, ఎత్తరు. ఇలాంటి నాయకత్వం లాఠీకి తోడబుట్టినది.

బిడ్డలను పిలిచే ముందు వకీలును పిలవాలి. ఇది మా మొదటి డిమాండు. సభకు నిర్వాహకులెవరో వారి పేర్లతో అనుమతి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు రసీదు ఉంచుకోవాలి. వచ్చిన వారి పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు ఒకరి దగ్గర ఉండాలి. అదుపులోకి తీసుకుంటే ఏ సెక్షన్ కింద అన్నది అదే రోజు కాగితం మీద రాబట్టాలి. అరెస్టు కారణాలు చెప్పాలని, నచ్చిన న్యాయవాదిని కలవనివ్వాలని, 24 గంటలలో మెజిస్ట్రేటు ముందు నిలపాలని 22వ అధికరణమే అంటున్నది. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదని, అసాధారణ పరిస్థితిలో చేయవలసి వస్తే మహిళా అధికారి ముందుగా మెజిస్ట్రేటు అనుమతి పొందాలని 43వ సెక్షన్ శాసిస్తున్నది. ఈ నాలుగు మాటలు తెలిసిన ఒక్క న్యాయవాది స్టేషన్ గుమ్మంలో నిలబడితే సగం కేసులు పుట్టవు.

రెండవది, కేసు ముగిసే దాకా వెంట నడవాలి. ప్రతి జిల్లాలో మస్జిద్ కమిటీలు, విద్యార్థి సంఘాలు, మన న్యాయవాదులు కలిసి నిరసన కేసుల జాబితా తయారు చేయాలి. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఛార్జిషీటు వేశారా లేదా, గడువు ఎప్పుడు దాటింది అన్నవి అందులో ఉండాలి. గడువు దాటినవాటిని, ఫిర్యాదు సరిగా లేనివాటిని హైకోర్టులో 528వ సెక్షన్ కింద కొట్టివేయించాలి. మిగిలినవాటి ఉపసంహరణకు 360వ సెక్షన్ కింద ప్రభుత్వం మీద ఒత్తిడి తేవాలి. డబ్బు లేదన్న సాకు చెల్లదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ప్రతి స్త్రీకి, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయవాది హక్కుగా దొరుకుతాడు. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు. ఇఫ్తార్ విందు వేదికలకు చేసే ఖర్చులో ఒక పాలు చాలు, మిగతా పని నడుస్తుంది.

మూడవది, లోక్ అదాలత్ వలలో బిడ్డలను పడనివ్వకూడదు. 'తప్పు ఒప్పుకొని రెండు వందలు కట్టేయండి, పీడ విరగడవుతుంది' అని స్టేషన్‌లో చెబుతారు. అలా ఒప్పుకోవడం శిక్ష పడినట్టే. కొట్టివేయదగిన కేసును మన చేతులతో మనమే రుజువు చేసినట్టు అవుతుంది. రేపు ఫారంలో 'శిక్ష పడిందా' అన్న ప్రశ్నకు అవునని రాయవలసి వస్తుంది. ఎప్పుడైనా తప్పనిసరై శిక్ష పడితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద విడుదల కోరాలి. ఆ చట్టం కింద విడుదలైన వారికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతున్నది. ఇది వకీలును అడగకుండా సంతకం పెట్టవలసిన కాగితం కాదు.

ఇంటి పెద్దలకు ఒక మాట

కొందరు పెద్దలు అంటారు: మగపిల్లలు పోరాడనీ, ఆడపిల్ల ముందు నర్సు కానీ, తరువాత సేవ చేయనీ. వినడానికి ఇది వివేకంగానే ఉంటుంది. కానీ పత్రాలు చూపమని అడిగే రోజు వస్తే మొదట నిలిచిపోయేది ఎవరు? పుట్టినింట ఒక పేరు, మెట్టినింట మరొక పేరు, బడి రికార్డులో ఇంకొక పేరు ఉన్న మన అమ్మీలు, ఆపాలు కాదా? తన మీద పడే చట్టం గురించి తానే మాట్లాడతానంటే అమ్మాయిని ఆపే హక్కు ఎవరికి ఉంది? పరీక్ష ఉన్న రోజున, వార్డు డ్యూటీ ఉన్న రోజున ఆమె రానని అంటే అది పిరికితనమని ఎగతాళి చేసే హక్కు నాయకులకు లేనట్టే, వస్తానంటే ఆపే హక్కు మనకూ లేదు. ఆ నిర్ణయం ఆమెది. నిజమైన సమాచారం ఆమె ముందు పెట్టడం మన పని.

మరొక అన్యాయం ఇళ్ళలోనే జరుగుతున్నది. స్టేషన్ నుంచి బిడ్డ తిరిగి రాగానే 'ఇక చదువు చాలు' అని ఫీజు ఆపేసి సంబంధాలు వెతుకుతారు. పోలీసు ఒక పూట ఆపాడు, మనం జన్మంతా ఆపుతున్నాం. నర్సింగ్ మండలి తీసివేయని పేరును తండ్రి తీసివేస్తే ఏ హైకోర్టుకు వెళ్ళాలి?

మన చరిత్రలో నర్సు మొదటి నుంచి బహిరంగ స్థలంలోనే నిలబడింది. హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) గుడారం మదీనాలోని మస్జిదె నబవీ ఆవరణలోనే ఉండేది. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) ఆ గుడారానికే పంపారు. సముదాయానికి కష్టం వచ్చిన చోట నిలబడడమూ, గాయానికి కట్టు కట్టడమూ ఆమెకు వేర్వేరు పనులు కాలేదు. మన బిడ్డలకు ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమని చెప్పడానికి మనమెవరం?

కనుక మా డిమాండ్లు స్పష్టం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు 2019 నుంచి నేటి వరకు పౌరసత్వ, వక్ఫ్ నిరసనలలో నమోదైన అహింసాత్మక కేసుల జాబితాను ప్రకటించి ఉపసంహరించాలి. ముందస్తు అరెస్టును నేరచరిత్రగా పోలీసు విచారణ నివేదికలలో రాయడం మానాలి. నర్సింగ్ కళాశాలలు కోర్టు తీర్పు రాకముందే తీర్పు చెప్పరాదు. పోయిన వార్డు గంటలను పూరించుకునే వీలు కల్పించాలి. మన సంస్థలు పిలిచిన ప్రతి బిడ్డ పేరును, ఆమె కేసు ముగిసే దాకా తమ పుస్తకంలో ఉంచుకోవాలి. అంతవరకు మరో సభకు ఆడపిల్లలను పిలిచే నైతిక హక్కు వారికి లేదు.

రోగి మంచం పక్కన నిలబడే నర్సును ఎవరూ 'నువ్వు ఎన్నడైనా నినాదం ఇచ్చావా' అని అడగరు. సూది నొప్పి లేకుండా వేస్తుందా, రాత్రి పిలిస్తే వస్తుందా అన్నదే చూస్తారు. అన్యాయం కనబడితే ఊరుకోలేని మనసు ఆ పనికి అడ్డు కాదు, అర్హత. అలాంటి మనసున్న బిడ్డలను కేసు కాగితాలకు బలి ఇవ్వకుండా చూడడం నేడు మన మీద ఉన్న ఫర్జ్.